ఊరికే చేస్తానంటే వద్దన్నారు

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో తెలుగువాళ్ళ నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే హాల్లో వేమన పద్యాల మీద ప్రసంగం పెడితే సగం కుర్చీలు ఖాళీ. ఇవాళ వైనరీ గురించి అనేసరికి గోడవారగా నిలబడ్డవాళ్ళు కూడా కనిపిస్తున్నారు. [నవ్వులు] ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ టేస్టింగ్ ఏమీ లేదు. ఏ వైన్‌లో ఏ పండు వాసన వస్తుందో చెప్పే విద్య నాకు రాదు. నేను చెప్పబోయేది పని సంగతి. ఆ పని ఊరికే చెయ్యొచ్చా, డబ్బు తీసుకునే చెయ్యాలా అన్న సంగతి.

సోనోమా కౌంటీలో హీల్డ్స్‌బర్గ్ ఊరు దాటాక డ్రై క్రీక్ వ్యాలీ అని ఉంది. ట్రాఫిక్ లేకపోతే ఇక్కణ్ణుంచి రెండు గంటలు, ఉంటే మన అదృష్టం. జిన్‌ఫండెల్ అనే నల్లద్రాక్షకి పేరుపడ్డ చోటు. అక్కడ ఒక చిన్న వైనరీలో కొన్నేళ్ళుగా కోతల కాలంలో పని చేస్తున్నాను. ఆఫీసులో సెలవులు దాచుకుని, మిగతావాళ్ళు హవాయి టికెట్లు కొంటుంటే నేను రబ్బరు బూట్లు డిక్కీలో పడేసుకుని బయల్దేరతా. మా ఆవిడ మొదట్లో దీన్ని నడివయసు పిచ్చి అంది. ఇప్పుడు ఏమీ అనడం లేదు, అదింకా ప్రమాదం. [నవ్వులు]

నేను అక్కడికి మొదట వెళ్ళింది అందరిలాగే శనివారం షికారుకి. కౌంటర్ వెనక గ్లాసులు తుడుస్తున్నావిడే ఓనరు అని తెలిశాక అడిగాను: "హార్వెస్ట్‌లో మనుషులు కావాలాండీ? నాకు నేర్చుకోవాలని ఉంది. డబ్బేమీ వద్దు, ఊరికే చేస్తాను." సంతోషిస్తుందనుకున్నా. ఆవిడ తలెత్తకుండానే, "ఊరికే అయితే వద్దు. పని చెయ్యాలని ఉంటే ఫారాలు పంపిస్తా" అంది. పని చేసే హక్కు చూపించడానికి ఐ-9, పన్ను కోతకి డబ్ల్యూ-4. ఈ దేశంలో మొదటి ఉద్యోగంలో చేరిన రోజు మనమంతా నింపినవే. గంటకి ఇంతని జీతం, పే స్టబ్, పన్ను కోత, అన్నీ. నేను బతిమాలాను కూడా. ఆ డబ్బు నాకు అవసరం లేదండీ, మా గుళ్ళో ఆదివారం వడ్డన చేస్తుంటాను, అలాగే ఇదీ అన్నా. "గుడి వేరు, ఇది వ్యాపారం" అంది. సరే అని ఫారాలు నింపాను గానీ, ఆవిడ అంత పట్టుదలగా ఎందుకుందో నాకు ఆ రోజు అర్థం కాలేదు. పనిలో దిగాక మెల్లిగా తెలిసింది. అందుకే ముందు పని చెబుతాను.

కోతల కాలాన్ని అక్కడ క్రష్ అంటారు. ఆగస్టులో మొదలై అక్టోబరు చివరిదాకా సాగుతుంది. ముందు స్పార్క్లింగ్ వైన్‌కి వెళ్ళే ద్రాక్ష కోస్తారు, దానికి తీపి తక్కువ, పులుపు ఎక్కువ ఉండాలి. తర్వాత తెల్ల రకాలు, పినో న్వార్, ఆపైన జిన్‌ఫండెల్, ఆఖర్న క్యాబర్నే. తేదీ మాత్రం ముందు ఎవరూ చెప్పలేరు. రిఫ్రాక్టోమీటర్ అని చేతిలో పట్టేంత గొట్టం ఉంటుంది. దాని గాజు మీద రెండు చుక్కల రసం వేసి వెలుతురుకేసి చూస్తే తీపి ఎంతో బ్రిక్స్ లెక్కలో తెలుస్తుంది. ఎర్ర వైన్‌కి 24, 25 దాకా రావాలి. అంకె ఒక్కటే చాలదు, గింజ కొరికి చూస్తారు. ఆకుపచ్చగా చేదుగా ఉంటే ఇంకా ఆగాలి, గోధుమ రంగుకి తిరిగి కరకరలాడితే కోతకి వచ్చినట్టు. ఇవన్నీ చూసుకుని సాయంత్రం ఏ ఆరింటికో ఆవిడ మెసేజ్ పెడుతుంది, రేపు కోత అని. ఆ రాత్రి నిద్ర సంగతి ఇక మర్చిపోవాలి.

ఎందుకంటే కోత అర్ధరాత్రి దాటాక మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడు కోస్తే కాయ గట్టిగా ఉంటుంది, చిట్లదు, దారిలోనే పులియడం మొదలవదు. మనుషులకీ ఎండ దెబ్బ ఉండదు. ట్రాక్టరుకి కట్టిన లైట్లు, నుదుటికి హెడ్‌ల్యాంపులు, చేతిలో చిన్న వంపు కత్తి. ఒక చేత్తో గుత్తి పట్టుకోవడం, రెండో చేత్తో కాడ కొయ్యడం, కాళ్ళ దగ్గరున్న ట్రేలో పడెయ్యడం, ట్రే నిండగానే ఎత్తుకుని ట్రాక్టరు వెనకున్న బిన్ దాకా పరుగు. నడవరు, నిజంగానే పరిగెత్తుతారు. బిన్ అంటే అర టన్ను పట్టే ప్లాస్టిక్ తొట్టి. కోసేవాళ్ళలో ఎక్కువమంది మెక్సికోలోని మిచోవకాన్, వహాకా రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఆరితేరిన మనిషి ఒక పూటలో టన్ను పైనే కోస్తాడు.

నేనూ ఒక రాత్రి వాళ్ళతో పాటు వరుసలో నిలబడ్డాను. మాది మేడ్చల్ పక్క. చిన్నప్పుడు మా మేనమామ వాళ్ళకి ద్రాక్షతోట ఉండేది, అనాబ్-ఎ-షాహి, తర్వాత థాంప్సన్. ఇప్పుడక్కడ ప్లాట్లు. ఆ తోటలో పెరిగినవాణ్ణి, నాకు కోత తెలుసులే అనుకున్నా. మన దగ్గర ద్రాక్ష పందిరి మీద పాకుతుంది, గుత్తులు నెత్తిమీద వేలాడతాయి, మెడ నొప్పెడుతుంది. ఇక్కడ తీగని మోకాలెత్తులో, నడుమెత్తులో తీగెల కంచెకి కడతారు, కోతంతా వంగునే. నేను ఒక మొక్క ముగించేసరికి పక్క వరుసలో కోస్తున్న ఒకావిడ వరుస చివరిదాకా వెళ్ళి మళ్ళీ ఇటు తిరిగింది. కాసేపటికి మేస్త్రీ వచ్చి, చాలా మర్యాదగా, వైన్ తయారయ్యే సెల్లార్‌లో మీతో పని ఉందట అని నన్ను పంపించేశాడు. సెల్లార్‌లో నాతో ఎవరికీ పని లేదు. [నవ్వులు]

సంగతేంటంటే, వాళ్ళకి చాలా తోటల్లో జీతం గంటల మీద కాదు, టన్నుల మీద. ఎనిమిది, పదిమంది ఒక జట్టు. జట్టంతా కోసింది లెక్కగట్టి వచ్చిన డబ్బు పంచుకుంటారు. ఆ వరుసలో నేను నిలబడితే ఒక చోటు ఆగిపోయినట్టే, నా వెనక ట్రాక్టరు ఆగుతుంది, జట్టు ఆగుతుంది. నేను పైసా అడక్కపోయినా వాళ్ళ పైసలు నేను తింటున్నట్టే. "ఊరికే చేస్తున్నా కదా, ఎవరికి నష్టం" అన్న నా లెక్క ఆ రాత్రి తప్పింది.

తెల్లారేసరికి బిన్లన్నీ వైనరీ వాకిట్లోకి వస్తాయి. నా అసలు పని అక్కడ. ఫోర్క్‌లిఫ్ట్ బిన్ ఎత్తి వంచుతుంది, గుత్తులు కదిలే బెల్టు మీద పడతాయి, అటొకరు ఇటొకరు నిలబడి ఏరాలి. ఆకులు, పుల్లలు, పచ్చి గుత్తులు, పురుగులు, ఒక్కోసారి బల్లి. కందిరీగలు మనకన్నా ముందే డ్యూటీ ఎక్కుతాయి. జిన్‌ఫండెల్‌తో ఇంకో తిప్పలుంది. ఒకే గుత్తిలో ఒక కాయ పచ్చిగా, పక్కది పండి, దాని పక్కది ఎండి కిస్‌మిస్ అయి ఉంటుంది. ఆ కిస్‌మిస్‌లు తొట్టిలో పడి నానాక తీపి వదులుతాయి. తోటలో 25 చూపించిన బ్రిక్స్ రెండు రోజుల తర్వాత 27కి ఎక్కి కూర్చుంటుంది. 25 ఉన్న రసం పూర్తిగా పులిస్తేనే 14, 15 శాతం ఆల్కహాల్ వస్తుంది. ఇక 27 అంటే చూసుకోండి. అందుకే ఏ కిస్‌మిస్ వదలాలి, ఏది తియ్యాలి అన్నదాని మీద ఆ బెల్టు దగ్గర జరిగే వాదనలు మన టీవీ చర్చల కన్నా ఘోరంగా ఉంటాయి.

బెల్టు దాటాక డీస్టెమ్మర్. కాడలు ఒకవైపు, కాయలు ఒకవైపు. కాయలు, తొక్కలు, రసం అన్నీ కలిపి తొట్టిలోకి. ఈస్ట్ పని మొదలెట్టాక గ్యాస్ పుట్టి తొక్కలన్నీ పైకి తేలి మూతలా గట్టిగా పేరుకుంటాయి. రంగు, రుచి ఉన్నది ఆ తొక్కల్లోనే కాబట్టి వాటిని రోజుకి రెండు మూడుసార్లు కిందికి ముంచాలి. దీన్ని పంచ్‌డౌన్ అంటారు. పొడుగు కర్రకి అడుగున స్టీలు పళ్ళెం ఉంటుంది, తొట్టి మీద పలక వేసుకుని దాని మీద నిలబడి మన బరువంతా పెట్టి తొయ్యాలి. మొదటి రోజుల్లో ఆ మూత అసలు కదలదు. ఒక్కసారి చిట్లిందంటే కింద నుంచి వేడివేడి ఎర్రటి నురగ బుసబుసా పైకి వస్తుంది. చూడ్డానికి బావుంటుంది, కాదనను. మూడో రోజుకి భుజాలు ఎత్తలేం. చేతులు, గోళ్ళ సందులు ఊదా రంగుకి తిరుగుతాయి, ఏం పెట్టి తోమినా పోదు. సోమవారం ఆఫీసులో వైట్‌బోర్డు ముందు నిలబడితే అందరూ చేతులే చూస్తారు.

ఇవన్నీ చెప్పాను గానీ, నిజం చెప్పాలంటే వైనరీలో ఎక్కువ పని కడగడం. బిన్లు కడగాలి, బెల్టు కడగాలి, పంపులు, పైపులు, ప్రెస్సు, నేల. ముందు సోడా లాంటి పొడి కలిపిన వేడినీళ్ళు, తర్వాత నిమ్మ ఉప్పు నీళ్ళు, మళ్ళీ మంచినీళ్ళు. పొద్దున వాడేముందు ఒకసారి, రాత్రి వాడాక ఒకసారి. ఒక టన్ను ద్రాక్షకి సుమారు అరవై పెట్టెల వైన్ వస్తుంది, అంటే ఏడొందల ఇరవై సీసాలు. ఆ టన్ను కోసం ఎన్ని నీళ్ళు పోశామో ఎవరూ లేబుల్ మీద రాయరు. వైన్ తయారీ అంటే పీపా పక్కన నిలబడి గ్లాసు తిప్పుతూ ఫొటో దిగడం అనుకుని వచ్చినవాళ్ళు రెండో రోజుకి కనబడరు. నేను రెండో రోజు వెళ్ళడానికి ఒక కారణం, జీతం ఒప్పుకున్నాను కదా, మానేస్తే బాగుండదని. ఊరికే ఒప్పుకునుంటే ఆ పొద్దున ఏదో ఒక వంక చెప్పి ఇంట్లో పడుకునేవాణ్ణేమో!

ఇప్పుడు ప్రమాదం సంగతి. పులిసేటప్పుడు వచ్చేది కార్బన్ డయాక్సైడ్. ఒక లీటరు రసం పూర్తిగా పులిస్తే దానికి యాభై రెట్లకి పైగా గ్యాస్ వస్తుంది. గాలికన్నా బరువు, కాబట్టి తొట్టి లోపల, నేలకి దగ్గరగా పేరుకుంటుంది. పులియడం అయ్యాక రసం బయటికి తీసేస్తే తొట్టి అడుగున తొక్కల పిప్పి మిగులుతుంది. దాన్ని పారతో తోడాలి. తొట్టికి కింద చిన్న తలుపుంటుంది, అందులోంచి దూరి లోపలికి వెళ్ళాలి. అక్కడే మనుషులు పోతారు. ఒకటి రెండు ఊపిరులకే స్పృహ తప్పుతుంది. పడ్డవాణ్ణి లాగుదామని వెళ్ళినవాడూ పడతాడు. ఈ కాలిఫోర్నియాలోనూ, ఫ్రాన్స్‌లోనూ, స్పెయిన్‌లోనూ ఇలాంటి చావులున్నాయి.

మా సెల్లార్‌లో పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ముప్పై ఏళ్ళ బట్టీ అదే పని. తొట్టి తోడే రోజు ఆయన వరస చూడాలి. ముందు ఫ్యాను పెట్టి గాలి తోలిస్తాడు. తాడుకి మీటరు కట్టి లోపల పై మట్టంలో, నడుమ, అడుగున మూడుచోట్లా దింపి చూస్తాడు. కాగితం మీద టైము రాసి సంతకం పెడతాడు. లోపలికెళ్ళేవాడి చొక్కాకి ఇంకో మీటరు తగిలిస్తాడు, తలుపు దగ్గర ఇంకో మనిషి కదలకుండా నిలబడాలి, ఫోన్ చూడకూడదు. ఇదంతా అయ్యాకే పార అందిస్తాడు. నన్ను మొదటి సీజన్‌లో తలుపు దగ్గర కూడా నిలబెట్టలేదు. ట్రైనింగ్ క్లాసు అయ్యాకే అన్నాడు. ఆ క్లాసులో కూర్చున్న గంటలకి కూడా నాకు జీతం పడింది.

ఇక్కడ అసలు విషయానికి వస్తున్నా. ఆ మీటరు, ఆ కాగితం, ఆ క్లాసు, ఇవన్నీ చట్టంలో ఉద్యోగి అన్న మాట చుట్టూ కట్టినవి. కాలిఫోర్నియాలో ఆరుబయట పనిచేసేవాళ్ళకి ఎండ రూల్స్ ఉన్నాయి, 2005లో వచ్చాయి, దేశంలో మొదటివి అవే. గంటకి దాదాపు లీటరు చొప్పున మంచినీళ్ళు అందుబాటులో పెట్టాలి, 80 ఫారెన్‌హీట్ దాటితే నీడ ఏర్పాటు చెయ్యాలి. కార్చిచ్చు పొగ కమ్మి గాలి నాణ్యత సూచీ 151కి చేరితే యజమాని మాస్కులివ్వాలి. దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా ఉంటుంది. ఒకసారి చిలీ నుంచి వచ్చిన కుర్రాడు తడి నిచ్చెన మీంచి జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. వాళ్ళ దగ్గర కోత ఫిబ్రవరిలో మొదలై ఏప్రిల్, మే నెలలకల్లా అయిపోతుంది, అక్కడ ముగించుకుని ఇక్కడికొచ్చి ఇంకో కోత చేసే కుర్రాళ్ళు చాలామంది ఉంటారు. ఎక్స్‌రే, కట్టు, పని లేని వారాలకి డబ్బు, అన్నీ బీమాలోనే వచ్చాయి. అదే నిచ్చెన మీంచి ఊరికే వచ్చిన నేను పడితే? నా బిల్లు నాది, ఓనరు మీద కేసు వేరే.

ఇప్పుడు చట్టం. ఇక్కణ్ణుంచి అరగంట కూడా పట్టదు, కాస్ట్రో వ్యాలీలో ఒక చిన్న వైనరీ ఉండేది. 2014లో రాష్ట్ర కార్మిక శాఖవాళ్ళు వచ్చి చూస్తే వాలంటీర్లు పని చేస్తున్నారు. లక్షా పదిహేను వేల డాలర్ల దాకా జరిమానా, బకాయి జీతాలు కలిపి. ఏడాదికి పదకొండు వేల డాలర్లు కూడా మిగలని దుకాణం అది. మూసేశారు. అక్కడ పనిచేసినవాళ్ళలో కొందరు వైన్ తయారీ నేర్చుకుంటున్న కాలేజీ విద్యార్థులు, ఇష్టంగానే వచ్చారు. ఎవరూ ఎవర్నీ మోసం చెయ్యలేదు. అప్పట్లో పేపర్లో చదివి నాక్కూడా ప్రభుత్వం మీద చిరాకేసింది. జరిమానా మరీ అంతా అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ రూల్ తప్పు అని మాత్రం అనలేను. లాభం కోసం నడిచే వ్యాపారంలో వాలంటీరు అనేవాడు ఉండకూడదు, అదీ రూల్.

ఎందుకలా? నా ఇష్టం నాది కదా, నా ఆదివారం నేను ఎవరికైనా ధారపోసుకుంటా అంటే? ఈ ప్రశ్న సుప్రీం కోర్టుదాకా వెళ్ళింది, 1985లో. అలమో ఫౌండేషన్ అని ఒక మత సంస్థ. పెట్రోలు బంకులు, బట్టల కొట్లు, పందుల ఫారాలు నడిపేది. పనిచేసేవాళ్ళకి జీతం లేదు, తిండి, బట్ట, నీడ అంతే. వాళ్ళలో కొందరు కోర్టుకొచ్చి, మాకు జీతం వద్దు, మేం సేవ చేస్తున్నాం, మమ్మల్ని ఉద్యోగులనొద్దు అని వాళ్ళంతట వాళ్ళే సాక్ష్యం చెప్పారు. కోర్టు ఒప్పుకోలేదు. జీతం వద్దన్నవాణ్ణి మినహాయిస్తే, రేపు యజమానులు తమ మనుషుల చేత బలవంతంగా వద్దనిపించొచ్చు, పక్కన పోటీ దుకాణాల్లో కూడా జీతాలు పడిపోతాయి అంది. అంటే ఆ చట్టం జీతం వద్దన్నవాడి కోసం కాదు, కావాలన్నవాడి కోసం.

మన వైపు పెట్టి చూడండి. ఊళ్ళో గీత పనిచేసే గౌడన్న దగ్గరికెళ్ళి, అన్నా, నాకు సరదాగా ఉంది, ఈ సీజనంతా ఆదివారాలు నేనొచ్చి తాళ్ళెక్కుతా, డబ్బులొద్దు, ఒక ముంత పోస్తే చాలు అని ఎవరైనా అంటారా? అంటే ఆయన ఏమంటాడో నేను స్టేజి మీద చెప్పలేను. [నవ్వులు] కల్లు దగ్గర మనకి తెలుస్తున్నది వైన్ దగ్గర ఎందుకు తెలియడం లేదంటే, వైన్ అనగానే మనకి పని కనబడదు, ఫొటో కనబడుతుంది.

ఈ రాష్ట్రంలో ద్రాక్షకీ కూలికీ పెద్ద కథే ఉంది. 99వ హైవే మీద బేకర్స్‌ఫీల్డ్ వైపు వెళ్ళేటప్పుడు డెలానో అని బోర్డు చూసే ఉంటారు. 1965 సెప్టెంబరులో అక్కడి ద్రాక్షతోటల్లో ఫిలిప్పీన్స్ కూలీలు పని ఆపేశారు, వాళ్ళ నాయకుడు లారీ ఇట్లియాంగ్. వారం తిరిగేసరికి సీజర్ చావెజ్, డొలోరెస్ వెర్టా నడిపే మెక్సికన్ కూలీల సంఘం వాళ్ళతో కలిసింది. అంతకుముందు ఒక జాతివాళ్ళు సమ్మె చేస్తే రెండో జాతివాళ్ళని తెచ్చి పని చేయించుకోవడం తోటల యజమానులకి అలవాటు. ఆ ఎత్తు ఈసారి పారలేదు. అయిదేళ్ళు సాగింది. దేశమంతా జనం ద్రాక్ష కొనడం మానేశారు. 1970లో ఒప్పందాలు కుదిరాయి. మిగతా రంగాల్లో ఓవర్‌టైమ్ హక్కు 1938 నుంచీ ఉంది గానీ, రోజుకి ఎనిమిది గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు అన్నది కాలిఫోర్నియాలో తోట కూలీలకి పూర్తిగా అందింది మొన్న మొన్న. 2016లో చట్టం చేసి, పెద్ద యజమానులకి 2022లో, చిన్నవాళ్ళకి 2025లో అమల్లోకి తెచ్చారు.

మరోపక్క చిన్న వైనరీల కష్టం కూడా నాకు తెలుసు. 2022లో సెప్టెంబరు మొదటివారం ఎండలు గుర్తున్నాయా? సోనోమా, నాపాల్లో చాలాచోట్ల 43 డిగ్రీలు దాటింది. వారాల తేడాతో రావాల్సిన ద్రాక్షంతా ఒక్కసారే మీదపడింది. తొట్లు లేవు, మనుషులు లేరు, ఓవర్‌టైమ్ బిల్లు చూసి ఓనరమ్మ తల పట్టుకుంది. ఇప్పుడేమో పూర్తిగా తిరగబడింది. జనం వైన్ తాగడం తగ్గించారు. 2024లో రాష్ట్రం మొత్తం మీద 30 లక్షల టన్నులు కూడా క్రష్ కాలేదు, అప్పటికి ఇరవై ఏళ్ళలో అంత తక్కువ లేదు. కొనేవాడు లేక కాయ తీగ మీదే ఎండిపోయిన తోటలున్నాయి, పీకేసినవీ ఉన్నాయి. ఇలాంటప్పుడే, లంచ్ పెడతాం, ఒక సీసా ఇస్తాం, సరదాగా వచ్చి సాయం చెయ్యండి అన్న పిలుపులు ఎక్కువవుతాయి. పిలిచేవాళ్ళంతా దుర్మార్గులని నేననను. కానీ మీరు వెళ్ళి నిలబడే ఆ బెల్టు దగ్గర నిరుడు గంటకింతని తీసుకుని ఒక మనిషి నిలబడి ఉంటాడు, అది చూసుకోండి.

ఇక మనవాళ్ళకి ముఖ్యమైన ముక్క, వీసా. ఎచ్-1బీ మీద ఉన్నవాళ్ళు, డబ్బు తీసుకోలేదు కదా ఏమవుతుందిలే అనుకోవద్దు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని మీరు ఊరికే చేసినా అది అనుమతి లేని ఉద్యోగం కిందికి రావచ్చు. గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి నిలబడి, ఆఖరి మెట్టు దగ్గర ఒక ద్రాక్ష గుత్తి కోసం ఆ టెన్షన్ ఎందుకు? ఓపీటీ మీద, అంటే చదువుకి సంబంధించిన పని కొన్నాళ్ళు చేసుకునే అనుమతి మీద ఉన్న పిల్లలదీ అంతే. ఎచ్-4 ఈఏడీ, అంటే ఎచ్-1బీ వాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డువాళ్ళు, సిటిజన్లు హాయిగా జీతం మీద చేరొచ్చు. అన్నట్టు, ఆ తోటల్లో మీకు ఎచ్-2ఏ, అంటే సీజన్‌లో వ్యవసాయ పనులకిచ్చే వీసా మీద వచ్చినవాళ్ళు కనబడతారు. వాళ్ళ వీసాకి లాటరీ లేదు, ఏడాదికింతే అన్న పరిమితి లేదు, ఇల్లు యజమానే చూపించాలి. కానీ సీజన్ అయిపోగానే సర్దుకోవాలి. ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర అలాంటి ఒకాయనతో వీసాల గురించి మాట్లాడుతూ కూర్చున్నా. ఇంటికెళ్ళి ఎంతకాలమైంది, స్టాంపింగ్‌కి ఎక్కడికెళ్ళాలి, పిల్లలు ఎక్కడున్నారు, ఇద్దరివీ ఒకటే ప్రశ్నలు. నేను తీసుకెళ్ళిన పండుమిరపకాయ పచ్చడి ఆయన టోర్టియాలో చుట్టుకుని తిని, కారం సరిపోలేదన్నాడు.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

[జీతం మీద చేరడం కుదరనివాళ్ళు నేర్చుకోవాలంటే దారి ఏమిటని ఒకరు అడిగారు.]

రెండు దారులున్నాయి. ఒకటి కాలేజీ. మనకి దగ్గర్లో లివర్‌మోర్‌లో లాస్ పొసీటాస్ కాలేజీకి సొంత ద్రాక్షతోట, వైనరీ ఉన్నాయి. శాంటా రోజా జూనియర్ కాలేజీకి షోన్ ఫామ్ ఉంది, నాపా వ్యాలీ కాలేజీకీ వైనరీ ఉంది. ఫీజు కట్టి క్లాసులో చేరితే కోత, క్రష్ అన్నీ పాఠంలో భాగం. రెండోది మీ గ్యారేజీ. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఏడాదికి రెండొందల గ్యాలన్లు, ఒక్కరే అయితే వంద గ్యాలన్ల దాకా సొంతానికి వైన్ చేసుకోవచ్చు, పన్ను లేదు. అమ్మకూడదు, అంతే. అయిదు గ్యాలన్ల సీసాకి ముప్పై, ముప్పై అయిదు కిలోల ద్రాక్ష సరిపోతుంది. అక్కడ స్నేహితుల్ని ఎంతమందినైనా పిలుచుకోండి, బిర్యానీ పెట్టి పని చేయించుకోండి. అది అమ్మకానికి కాదు గనక ఎవరి కూలీ పోదు. గ్యారేజీ తలుపు మాత్రం తీసి ఉంచండి, గ్యాస్ సంగతి చెప్పాను కదా.

[ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకి చూపించవచ్చా అని ఇంకొకరు అడిగారు.]

చూపించండి, కొన్నిచోట్ల టికెట్టు పెట్టి ద్రాక్ష తొక్కే సరదా కూడా పెడతారు. అది టూరిజం, మీరే డబ్బు కడుతున్నారు, పేచీ లేదు. ఆ మాటకొస్తే అంత దూరం రానక్కర్లేదు, నాసిక్‌లో సులా వాళ్ళ దగ్గర జనవరి నుంచి మార్చి దాకా కోతల కాలంలో అదే సరదా దొరుకుతుంది. విజిటర్ వీసా మీద వచ్చిన నాన్నగారిని మాత్రం పంచ్‌డౌన్‌కి నిలబెట్టకండి.

[జీతం మీద చేరాలంటే ఎప్పుడు అడగాలని మరొకరు అడిగారు.]

మే, జూన్ నెలల్లో. ఆగస్టులో ఫోన్ చేస్తే ఎత్తే తీరిక ఎవరికీ ఉండదు. వైన్ మీద నాకు ప్రేమ అని పెద్ద ఉత్తరం రాయకండి, అవి వాళ్ళకి రోజూ వస్తాయి. ఏ వారాలు రాగలరో, యాభై పౌండ్లు ఎత్తగలరో లేదో, ఫోర్క్‌లిఫ్ట్ సర్టిఫికెట్ ఉందో లేదో, ఈ మూడు రాయండి. రబ్బరు బూట్లు మీవే తెచ్చుకోండి, ఒక సైజు పెద్దవి, లోపల రెండు జతల మేజోళ్ళు పట్టేలా. వారం రోజులు చేసి మానేసేవాళ్ళ కన్నా మూడు వారాలు ఉండేవాళ్ళని తీసుకుంటారు, ఎందుకంటే మొదటి వారమంతా మనకి నేర్పించడంతోనే వాళ్ళకి సరిపోతుంది.

[పని అయ్యాక వైన్ పోస్తారా అని వెనక నుంచి ఎవరో.]

ఇందాకట్నుంచి ఈ ప్రశ్న కోసమే కూర్చున్నట్టున్నారు. [నవ్వులు] పోస్తారు, కానీ రోజంతా ఆ వాసనలో మునిగాక ఎవరికీ తాగబుద్ధి కాదు. మంచి వైన్ చెయ్యాలంటే బోలెడంత బీరు కావాలని అక్కడ ఒక మాట ఉంది. రాత్రి నేల కడగడం అయ్యాక బిన్ తిరగేసుకుని కూర్చుని అందరూ తాగేది చల్లటి బీరే. నాకు రెండు గంటల డ్రైవింగ్ ఉంటుంది గనక నేను ఇంటి నుంచి ఫ్లాస్కులో మజ్జిగ పట్టుకెళ్తా. సెల్లార్ పెద్దాయన ఒకసారి రుచి చూసి, ఇది కూడా పులిసిందే కదా, నీ బ్రిక్స్ ఎంత అని అడిగాడు.